గుమ్మడిపాకం పిన్నిగారు

పిన్నిగారు పోయారన్న మాట నాకు గోడ మీంచి వచ్చింది. ఆదివారం, బాగా పొద్దెక్కాక. నేను వంటింట్లో గుమ్మడికాయ రసం, పంచదార కలిపి కాఫీలోకి పాకం పడుతున్నాను. మా వంటింటి కిటికీకి ఎదురుగా ప్రహరీగోడ, గోడకి అవతల పిన్నిగారి వాళ్ళ పెరడు. బాబాయిగారు గోడ దగ్గరికి వచ్చి, "అమ్మాయ్, స్టవ్ మీద ఏమన్నా ఉంటే దించమ్మా. ఒక మాట చెప్పాలి" అన్నారు. నేను తల తిప్పకుండానే, "ఒక్క నిమిషం బాబాయిగారూ, పాకం మీద ఉంది. పిన్నిగార్ని రమ్మనండి, వచ్చి పదును చూడాలి" అన్నాను. ఆయన "సరే, కానీ" అన్నారు.

అని, అక్కడే నిలబడ్డారు. ఒక్క నిమిషం అంటే మన ఇళ్ళల్లో ఎంతసేపో మీకు చెప్పక్కర్లేదు. నేను గరిట తిప్పుతూనే ఉన్నాను, మాట్లాడుతూనే ఉన్నాను. ఈసారి కాయ మహా నీరుకాయ అన్నాను. దాల్చినచెక్కలో ఘాటే లేదు, షాపువాడు పాత సరుకు అంటగట్టాడు అన్నాను. మోకాళ్ళ నెప్పులని వంక పెడితే కుదరదు, నడిపించుకుని తీసుకురండి అని కూడా అన్నాను. ఆయన దేనికీ జవాబు చెప్పలేదు. ఆయన మామూలుగానే జవాబులు చెప్పే మనిషి కాదు కాబట్టి నాకు తేడా తెలియలేదు. గిన్నె దించి, మూతపెట్టి, చేతులు తుడుచుకుని, తీరిగ్గా కిటికీ దగ్గరికి వచ్చి "ఇప్పుడు చెప్పండి" అన్నాను. చెప్పారు.

ఇది పిన్నిగారి గురించి రాయాలని కూర్చున్నాను, నా గురించి కాదు. కానీ ఆవిణ్ణి తలుచుకోబోతే ముందు ఆ గరిట చప్పుడు వినబడుతోంది. తల కొట్టేసినట్టు ఉంది. ఆ సిగ్గుతోనే రాస్తున్నాను, మీరే సర్దుకుని చదువుకోవాలి.

ఆవిడ నాకు సొంత పిన్ని కాదు, పక్కింటావిడ. బందరులో ఈ ఇంట్లోకి మేం అద్దెకి దిగిన రోజు పొద్దున్నే పాలు పొంగించబోతుంటే ఒక పెద్దావిడ గుమ్మంలో నిలబడి గిన్నె వంక చూసి, "ఇంత బుల్లి గిన్నెలో పొంగితే ఇల్లేం నిండుతుందమ్మాయ్?" అంది. మా ఆయనా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆవిడ వెళ్ళి వాళ్ళింట్లోంచి తప్పేలా ఒకటి, దాంతోపాటు మరో చెంబుడు పాలు తెచ్చి మా గిన్నె దించేసి తన తప్పేలా పెట్టింది. పాలు స్టవ్ అంతా పొంగి పొర్లి గట్టు మీంచి కారాయి. తుడుచుకోవడానికి నాకు మధ్యాహ్నం అయింది. అప్పటి నుంచి పిన్నిగారూ అని పిలవడం మొదలుపెట్టాను. పిలవకపోయినా వచ్చేది, అది వేరే సంగతి.

పిన్నిగారు దివిసీమ ఆడపడుచు. నాగాయలంక పక్కన పల్లె. మాట పెద్దది, మనిషి చిన్నది. ఇంకొకరి వంటింట్లో కుర్చీలో కూర్చునేది కాదు. ఎన్నిసార్లు చెప్పినా వినకుండా బియ్యం డబ్బా మీద కూర్చునేది. ఖాళీ అయిన తేనె సీసాలు, దగ్గుమందు సీసాలు పారెయ్యనిచ్చేది కాదు. వేడినీళ్ళతో కడిగి, గోడ మీద బోర్లించి ఎండబెట్టేది. ఫ్రిజ్ అంటే ఆవిడకి గిట్టదు. "అందులో పెట్టి మర్చిపోడానికైతే వండటం దేనికి?" అనేది. నా ఫ్రిజ్ తలుపు తీసినప్పుడల్లా ఆవిడ చూస్తుందేమోనని భయపడేదాన్ని. ఇప్పటికీ తీసేముందు ఒకసారి వెనక్కి చూస్తున్నాను.

ఈ గుమ్మడిపాకం గొడవ తెచ్చిపెట్టింది మాత్రం నేనే. ఒకసారి ఆఫీసు పని మీద బెజవాడ వెళ్ళినప్పుడు, ఏసీ హోటల్లాంటి కాఫీ షాపులో పెద్ద గ్లాసు నిండా నురగతో ఏదో ఇచ్చారు. గుమ్మడికాయా, దాల్చినచెక్కా, లవంగాలూ వేసిన పాకం కలిపిన కాఫీ అట. చలిదేశాల్లో శరదృతువు వచ్చి ఆకులు రాలే రోజుల్లో అందరూ అదే తాగుతారట. నాకు తెగ నచ్చేసింది. ఇంటికొచ్చి గోడ మీంచి గొప్పగా చెప్పాను.

"గుమ్మడికాయ కాఫీయా? రేపు కాకరకాయ టీ అంటావు" అంది పిన్నిగారు.

"శరదృతువులో తాగుతారండీ పిన్నిగారూ. ఆకులు రాలేటప్పుడు."

"ఆకులేం రాల్తాయమ్మాయ్. మా సీమలో ఈ కాలానికి చెట్లే రాల్తాయి" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆవిడ చిన్నతనంలో ఏ గాలివాన చూసిందో, ఎవరిని పోగొట్టుకుందో నాకెప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు. ఆశ్వయుజం వస్తే మాత్రం రోజూ సాయంత్రం డాబా ఎక్కి సముద్రం వైపు ఆకాశం చూసి దిగేది. ఆ మాట అన్న రోజు నేను ఏదో తప్పు మాట్లాడానని బెంగపడ్డాను. తెల్లారేసరికి ఆవిడే వీధిలో బండి ఆపి ఒక తియ్యగుమ్మడికాయ కొని, చంకలో పెట్టుకుని మా గుమ్మం ఎక్కింది. "ఏదీ, ఆ కాఫీ ఎట్టా చేస్తారో చెప్పు" అంది.

కత్తిపీట తీశాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది. నిండు గుమ్మడికాయని ఆడవాళ్ళు కొయ్యకూడదు కదా, మొదటి గాటు మగవాళ్ళు పెట్టాలి. మీ ఇళ్ళల్లోనూ ఉండే ఉంటుంది. నాకు ఒళ్ళు మండింది. "ఏం, నేను కోస్తే అది అరుస్తుందా?" అన్నాను. ఆవిడ నవ్వి, కాయ పట్టుకుని వాళ్ళింటికి నడిచింది. వరండాలో పేపరు చదువుకుంటున్న బాబాయిగార్ని లేపి వంటింట్లోకి తీసుకెళ్ళింది. ఆయన లుంగీ పైకి దోపుకుని, కత్తి పట్టుకుని, కాయ చుట్టూ తిరిగి చూసి, ఎంతో ఆలోచించి ఒక్క గాటు పెట్టారు. "దేనికిది? పులుసా?" అన్నారు. "కాఫీకి" అంది పిన్నిగారు. ఆయన భార్య వంక చూసి, నా వంక చూసి, పేపరు దగ్గరికి వెళ్ళిపోయారు.

తరవాత ముక్కలు కోస్తూ నాతో అంది: "నువ్వు కొయ్యగలవని నాకు తెలుసులేవే. ఆ మనిషి వంటింట్లోకి వచ్చేది ఈ ఒక్క పనికే. ఇదీ మనమే చేసేసుకుంటే ఇంక ఎందుకొస్తాడు?" ఆచారాల మీద నాకున్న కోపం చాలావరకు అలాగే ఉంది. ఆ ఒక్కదాని మీద మాత్రం పోయింది.

మొదటి ఏడు బెల్లంతో చేశాం. గుమ్మడి ముక్కలు ఉడకబెట్టి, మెదిపి, పల్చటి బట్టలో పిండి, ఆ రసంలో బెల్లం వేసి, శొంఠి, దాల్చినచెక్క, లవంగం, కాస్త జాజికాయ దంచి మూటకట్టి వేసి కాచాం. వాసన వీధి చివరిదాకా వెళ్ళింది. వేడి వేడి కాఫీలో పొయ్యగానే పాలు విరిగిపోయాయి. బెల్లం తగిలితే పాలు విరుగుతాయని పసిపిల్లలకి కూడా తెలుసు, మాకిద్దరికీ ఆ క్షణాన గుర్తు రాలేదు. అప్పటికే ఒక గ్లాసు వరండాలోకి వెళ్ళిపోయింది. మేం పరిగెత్తేసరికి బాబాయిగారు తాగేసి గ్లాసు కింద పెడుతున్నారు. "ఎట్టా ఉందండీ?" అని పిన్నిగారు భయపడుతూ అడిగింది. ఆయన మీసం తుడుచుకుని, "జున్నులా ఉంది" అన్నారు. పిన్నిగారు నవ్వలేక గోడకి ఆనుకుని కూలబడింది.

ఆ తరవాత బెల్లం మానేసి పంచదారని ఎర్రగా మాడ్చి అందులో గుమ్మడిరసం పొయ్యడం మొదలుపెట్టాం. పదును చూడడం మాత్రం ఆవిడ పనే. చల్లటి పళ్ళెం మీద ఒక చుక్క వేసి వంచితే తేనెలా జారాలి, పరిగెత్తకూడదు, ఆగిపోకూడదు. "తీగ వచ్చిందా, ఇంక అది లడ్డూలకేనే, కాఫీకి పనికిరాదు" అనేది. అందుకని పాకం పదునుకొచ్చే ముందు మమ్మల్ని ఎవరు పిలిచినా పలికేది కాదు, నన్ను పలకనిచ్చేది కాదు. ఒకసారి వాళ్ళ ఆడపడుచు ఘంటసాల నుంచి దిగి గుమ్మంలో సంచి పట్టుకుని నిలబడితే, "ఒక్క నిమిషం వదినా, పాకం మీద ఉంది" అని వీపు చూపించింది. ఆ మాట నేను ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. అలా అని నేనేమీ తప్పించుకోవడం లేదు. ఆవిడ అలా అన్నది సంచితో వచ్చిన మనిషితో.

ఒక ఏడు తుఫాను హెచ్చరిక వచ్చింది. గిలకలదిండి రేవులో బోట్లన్నీ లోపలికి లాగేశారు, కరెంటు పోయింది, గాలికి మా పెరట్లో రేకు లేచిపోయింది. మేం వాళ్ళింట్లో కూర్చున్నాం. పిన్నిగారు వణుకుతోంది. కిటికీ రెక్క కొట్టుకున్నప్పుడల్లా ఉలిక్కిపడుతోంది. కాసేపటికి లేచి, గ్యాస్ వెలిగించి, కాఫీ పెట్టి, ఆ పాకం ధారగా పోసి అందరికీ ఇచ్చింది. వీధిలో పూరింటి వాళ్ళని పిలిచి వాళ్ళకీ పోసింది. "భయమేసినప్పుడు నోట్లో తీపి ఉండాలి. లేపోతే ఏడుపొస్తది" అంది. ఆ రాత్రంతా ఆవిడ ఏడవలేదు. నాకు ధైర్యం చెప్పింది కూడా ఆవిడే.

ఏటా అలా సాగింది. దసరా వెళ్ళాక కాయ కొనడం, బాబాయిగారి గాటు, పాకం, సీసాలు. గుడివాడలో చుట్టాలకి ఒక సీసా, ఘంటసాలకి ఒకటి. రెండేళ్ళుగా ఆవిడ మోకాళ్ళు సహకరించక పొయ్యి దగ్గర పని మా వంటింట్లోకి మారింది. ఆవిడ బియ్యం డబ్బా మీద కూర్చుని పెత్తనం చేసేది. ఈసారి ముందురోజు సాయంత్రం బాబాయిగారు గాటు పెట్టిన కాయని తనే సగం ముక్కలు కోసి ఇచ్చింది. "రేపు పాకం వేళకి వస్తాను, నువ్వు మొదలెట్టు" అంది. పొద్దున స్నానం చేసి, కాస్త నడుం వాలుస్తానని పడుకుంది. అంతే.

ఇప్పుడు చెప్పబోయేది ఇంకా సిగ్గుపడాల్సిన సంగతి.

శవం ఉన్న ఇంట్లో పొయ్యి వెలిగించరు కదా. వచ్చినవాళ్ళకి కాఫీలు పక్కిళ్ళ నుంచి వెళ్ళాలి. ఆ మధ్యాహ్నం ఘంటసాల నుంచి, గుడివాడ నుంచి, నాగాయలంక నుంచి జనం దిగుతున్నారు. మా ఆయన మగవాళ్ళ పనుల మీద తిరుగుతున్నారు. నేను పెద్ద గిన్నెలో పాలు కాచి, డికాషన్ పోసి, పంచదార డబ్బా మూత తీస్తే అడుగు మెరుస్తోంది. ఉన్నదంతా పొద్దున పాకంలో పోసేశాను. ఎవరినైనా కొట్టుకి పంపితే సరిపోయేది. నాకు తోచలేదు. చేతికి అందే దూరంలో గిన్నెడు పాకం ఉంది. పోసేశాను.

గ్లాసులు ఆ హాల్లోకి వెళ్ళేసరికి దాల్చినచెక్క వాసన, లవంగం వాసన, జాజికాయ వాసన గుప్పుమన్నాయి. ఒక్కసారి ఏడుపులు ఆగిపోయాయి. అందరూ గ్లాసుల్లోకి చూసుకున్నారు. బాబాయిగారి అక్కగారు ముక్కు చీదుకుని, "ఇదేం కాఫీ అమ్మాయ్, పేరంటానికి పోసినట్టు ఘుమఘుమలాడిపోతోంది?" అంది. భూమి రెండుగా చీలితే బాగుండుననిపించింది. అది చాలనట్టు గుడివాడ నుంచి వచ్చిన ఒక పెద్దాయన గ్లాసు ఖాళీ చేసి నా వైపు చాపి, "బాగుందమ్మాయ్, ఇంకొంచెం ఉందా?" అన్నాడు. ఆయనకి పొయ్యాలో, వద్దో తెలియక ట్రే పట్టుకుని అలాగే నిలబడ్డాను. బాబాయిగారి చేతిలో కూడా ఎవరో ఒక గ్లాసు పెట్టారు. ఆయన పట్టుకుని కూర్చున్నారు. చల్లారిపోయాక ఎవరో తీసుకెళ్ళారు. నేను ఆయన మొహం చూడలేదు.

ఇంకొక మాట కూడా చెప్పేస్తాను. ఆ పాకం కుదిరినంత బాగా ఎప్పుడూ కుదరలేదు. సరిగ్గా ఆవిడ చెప్పినట్టు, తేనెలా. బాబాయిగార్ని గోడ దగ్గర నిలబెట్టి పట్టిన పాకం అది.

పెద్దకర్మ అయ్యేదాకా ఆ ఇంట్లో పనులకి వెళ్తూనే ఉన్నాను గానీ బాబాయిగారికి ఎదురుపడకుండా తిరిగాను. చుట్టాలు వెళ్ళిపోయాక అదీ కుదరలేదు. వంటింటి కిటికీ మూసేసి వండడం మొదలుపెట్టాను. "పొగ నిండిపోతోంది, కిటికీ తియ్యొచ్చుగా" అని మా ఆయన అంటే, దోమలన్నాను. నన్ను తినేస్తున్న ప్రశ్న ఒకటుంది. ఎవరితోనూ అనలేదు. ఆయన గోడ దగ్గరికి వచ్చిన క్షణంలోనే నేను పరిగెత్తి ఉంటే, ఆటో పిలిచి ఉంటే, ఏమన్నా చెయ్యగలిగేవాళ్ళమా? నేను గరిట తిప్పుతున్నంతసేపూ ఆవిడ లోపల ఊపిరితోనే ఉందా? ఇది అడగాలంటే ఆయన మొహం చూడాలి. చూడలేకే కిటికీ మూశాను.

మొన్న పొద్దున ఆయనే పిలిచారు. "అమ్మాయ్" అని ఆయన నోట్లో మాట ఉండగానే స్టవ్ కట్టేసి, కిటికీ తీసి నిలబడ్డాను. అన్నం సగం కూడా ఉడకలేదు.

"ఉడకనియ్యకపోయావా" అన్నారు.

"ఫర్వాలేదండి బాబాయిగారూ, చెప్పండి."

"కాఫీ ఏమన్నా ఉందా?"

గబగబా కలిపి తీసుకెళ్ళి గోడ మీంచి ఇచ్చాను. ఒక గుక్క తాగి, "ఇది కాదమ్మా. ఆవాళ అందరికీ పోశావే, అది. నేను తాగలా" అన్నారు.

మిగిలిన పాకం పోసిన సీసాలన్నీ గూట్లో వెనక్కి తోసేసి ఉన్నాయి. ఒకటి తీసి, గ్లాసులో పాకం వేసి, పైన కాఫీ పోసి తెచ్చాను. అప్పుడు అనేశాను, ఆపుకోలేక. "ఆవాళ మిమ్మల్ని నిలబెట్టేశాను బాబాయిగారూ. మీరు అలా నిలబడితే నేను పాకం చూసుకున్నాను. వెంటనే వచ్చి ఉంటే..."

ఆయన గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నారు. "వచ్చి ఏం చేసేదానివి? నేను చూసేసరికే చల్లబడిపోయింది" అన్నారు. "స్టవ్ మీదది దించమన్నది అందుకే. చెబితే అట్టాగే వదిలేసి పరిగెత్తుకొస్తావని" అన్నారు.

ఆయన అంతసేపు మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. ఇంకా చెప్పారు. "నువ్వు రమ్మనండి అన్నావు చూడు. లోపలుంది, పిలిస్తే వస్తది అన్నట్టు అన్నావు. నాకూ కాసేపు అట్టాగే ఉంది. నీకు చెప్పేస్తే ఇంక అయిపోద్ది కదా. నువ్వింకాస్సేపు కలిపితే బాగుండు అనుకుంటా నుంచున్నా."

నేను కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నాను. ఓదార్చాల్సింది నేను, ఓదారుస్తున్నది ఆయన. ఆయన ఇటు చూడకుండా కాఫీ తాగారు. గ్లాసు గోడ మీద పెట్టి, "బాగుందమ్మా" అని, లుంగీ సర్దుకుంటూ లోపలికి వెళ్ళిపోయారు.

గ్లాసు తీసుకోబోయి ఆగిపోయాను. పాకం మొత్తం అడుగునే ఉంది, వేసింది వేసినట్టు. నేను కలపడం మర్చిపోయాను. చెంచా కూడా వెయ్యలేదు. ఇన్నేళ్ళూ ఆ ఇంట్లో ఏ గ్లాసైనా కలిపే ఆయన చేతికి వెళ్ళేది. కలుపుకోవాలని ఆయనకి తెలియదు. ఆ చేదు కాఫీ అంతా తాగి బాగుందన్నారు. చూస్తుండగానే వాళ్ళ వైపు నుంచి గోడెక్కి చీమలు ఒక్కొక్కటే గ్లాసు అంచు దాటి లోపలికి దిగుతున్నాయి.